పుణ్యవతి పథ్యం

పుణ్యవతి మోకాలి గురించి మాట్లాడని మనిషి ఆ అపార్టుమెంటులో ఒక్కరూ లేరు. పేరుకి మోకాలే గానీ, అందరూ మాట్లాడింది ఆవిడ ఒంటి గురించి. లిఫ్టు ఎక్కితే నాలుగో అంతస్తు ఆవిడ జీలకర్ర నీళ్ళు తాగమంటుంది. దిగితే వాకింగ్ నుంచి వచ్చే పెద్దాయన రాత్రి అన్నం మానెయ్యమంటాడు. వాచ్‌మన్ భార్య సైతం ఒకరోజు చీపురు పక్కన పెట్టి, "ఉలవలు ఉడకబెట్టుకొని ఆ నీళ్ళు తాగు మేడం, మా చిన్నమ్మ గట్లనే సన్నగైంది" అని సలహా పడేసింది. ఇంతమందిలో ఒక్కరైనా నొప్పి ఎలా ఉందండీ అని అడిగిన పాపాన పోలేదు.

నొప్పి బాగానే ఉంది, దానికేం లోటు లేదు. పొద్దున్నే మంచం దిగి కుడికాలు నేలకి ఆనిస్తే చాలు, మోకాలి లోపల ఇసుక పోసి రుబ్బినట్టుండేది. పడగ్గది నుంచి హాల్లోకి గోడ పట్టుకుని వచ్చేది. ఆ గోడకి వేసిన లేత పసుపు రంగు ఆవిడ అరచేయి పడేచోటల్లా మాసిపోయింది. భర్త రామబ్రహ్మం రిటైరైనప్పటి నుంచి ఇంట్లో ప్రతి మరకనీ పట్టించుకునే మనిషి, ఆ మరకల గురించి మాత్రం ఏనాడూ మాట్లాడలేదు. ఆయనకీ బాధ ఉంది మరి. బాధని సలహాగా మార్చి చెప్పడం తప్ప ఆయనకి ఇంకో పద్ధతి తెలియదు.

పుణ్యవతికి యాభై ఏడేళ్ళు. వాళ్ళ నాన్న తణుకు నుంచి ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగానికి వచ్చాడు కాబట్టి ఆవిడ చదువూ కొలువూ అన్నీ ఈ లింగంపల్లి చుట్టూతానే. గోపన్‌పల్లి దాటాక ఒక సర్కారు బడిలో లెక్కల టీచరు. చుట్టూ ముప్పై అంతస్తుల బిల్డింగులు లేచినా ఆ బడి మాత్రం ఒక్క మేడతో అలాగే ఉంది, పదో తరగతి పైన, ఆఫీసూ వంటగదీ కింద. ఇరవై ఏళ్ళుగా పదో తరగతి లెక్కలు పుణ్యవతివే. ఆ పిల్లల్లో కూలీల పిల్లలు, వాచ్‌మన్ల పిల్లలు, ఈ టవర్లు కడుతున్నవాళ్ళ పిల్లలే ఎక్కువ. లెక్కల్లో ఫెయిలైతే వాళ్ళని ఏ ట్యూషనూ కాపాడదని ఆవిడకి తెలుసు. అందుకే ఆ పై గది ఆవిడకి ప్రాణం.

ఆ జూన్‌లో బడి తెరిచినప్పుడు మెట్లెక్కడం మొదలుపెట్టి, సగంలో ఆగి, రెయిలింగు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. పైన పిల్లలు గోల చేస్తున్నారు. ఆవిడ చేరేసరికి పీరియడ్ సగం అయిపోయింది. ఒకసారి కాదు, వారమంతా అదే వరస. చివరికి హెడ్మాస్టరు రామాంజనేయులుగారు ఆవిడని పిలిచి, ఎంతో మర్యాదగా, "మేడం, మీరు కొన్నాళ్ళు కింద ఆరో తరగతి చూడండి. పైన శ్యామ్ చూసుకుంటాడు" అన్నారు. శ్యామ్ కొత్తగా వచ్చిన వాలంటీరు. మంచి కుర్రాడే, కానీ పిల్లలకి అర్థం కాకపోతే వాళ్ళకన్నా ముందు అతనే కంగారుపడతాడు.

పుణ్యవతి సరేనని తల ఊపింది. స్టాఫ్‌రూమ్‌లోకి వచ్చి కూర్చున్నాక కళ్ళు మండాయి. జాలి చూపించి పదవి లాక్కోవడం ఎంత సులువో ఆవిడకి ఆరోజే తెలిసింది. మార్చి పరీక్షల ముందు మళ్ళీ ఆ గదిలో నిలబడాలి, అంతే. ఆపరేషన్ చేయించుకుంటానని ఇంట్లో చెప్పింది.

హైటెక్ సిటీ వైపు ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళారు. అద్దాల మేడ, లోపల కాఫీ వాసన, సోఫాలు చూస్తే దవాఖానో హోటలో తెలియదు. పెద్ద డాక్టరు ఎక్స్‌రే వెలుగుకి పెట్టి ఒక చూపు చూసి, పుణ్యవతిని బరువు మిషన్ ఎక్కమన్నాడు.

"బీఎంఐ నలభై రెండు ఉందమ్మా. మా దగ్గర నలభై దాటితే మోకాలు మార్చం. తగ్గించుకుని రండి."

"మోకాలు చూడరా అండీ?" అంది పుణ్యవతి.

"ఎక్స్‌రే చూశాను కదమ్మా. అరిగిపోయింది."

"నడవలేకపోతున్నాననే కదండీ మీ దగ్గరికి వచ్చింది. నడవకుండా బరువెలా తగ్గుతాను?"

"డైట్ కంట్రోల్ చెయ్యండి" అన్నాడాయన. బయట తరవాతి టోకెన్ మోగింది. ఎత్తునీ బరువునీ కలిపి లెక్కకట్టే ఆ బీఎంఐ అనే అంకె పుణ్యవతి మనిషి మొత్తానికి అంకె అయి కూర్చుంది.

తిరిగొచ్చేటప్పుడు కారులో రామబ్రహ్మం, "ఆయన చెప్పినదాంట్లో తప్పేముందోయ్? కాస్త నోరు కట్టుకుంటే పోలా" అన్నాడు. డ్రైవింగ్‌లో ఉన్న కూతురు సంయుక్త, "నీ మంచికేగా అమ్మా" అంది. ఐటీ ఆఫీసులో ఆ పిల్ల టీముకి లీడు. ఇంట్లోనూ ఏదైనా సమస్య వస్తే వారంలో పూర్తిచెయ్యాల్సిన పనిలాగే చూస్తుంది. ఇంటికి చేరేలోపే ఫోనులో అమ్మకి తిండి టైంటేబుల్ తయారైపోయింది.

పొద్దున జొన్న జావ. మధ్యాహ్నం కీర, టమాటా ముక్కలు. సాయంత్రం ఏదో గింజలు నానబెట్టిన నీళ్ళు. రాత్రికి చప్పటి సూప్. పప్పు గ్యాసని తీసేశారు, గుడ్డు వేడని తీసేశారు. పుణ్యవతి ఎదురు చెప్పలేదు. పై గది గుర్తొస్తే ఆకలి మింగేసేది. వర్షాకాలం గడిచేసరికి బుగ్గలు లోపలికి పోయాయి, దువ్వెన నిండా జుట్టు, బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క చేతిలోంచి జారేది. చూసినవాళ్ళంతా భేష్ అన్నారు. పోయింది కొవ్వో కండో మాత్రం ఎవరూ కొలవలేదు.

మళ్ళీ అదే డాక్టరు, అదే మిషన్. అంకె నలభై గీతకి ఇంకా జానెడు అవతలే ఉందిట. "గుడ్. ఇంకొంచెం తగ్గి రండి" అన్నాడాయన, కంప్యూటర్ మీద నుంచి చూపు తిప్పకుండానే.

పుణ్యవతి కుర్చీలోంచి లేవలేదు. "డాక్టరుగారూ, రెండుసార్లు వచ్చాను. మీరు నా మోకాలు ఒక్కసారి కూడా ముట్టుకోలేదు."

"రూల్ అమ్మా. ఇన్ఫెక్షన్ వస్తే ప్రమాదం మీకే."

"ప్రమాదం నాకైనప్పుడు నన్ను కదా అడగాలి. మిషన్‌ని అడిగితే ఏం చెబుతుంది?"

రామబ్రహ్మం ఆవిడ మోచెయ్యి పట్టుకుని మెల్లిగా నొక్కాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఊరుకోమని చెప్పడానికి ఆయన వాడే సైగ అది. పుణ్యవతి ఆ చెయ్యి తీసేసి, టేబులు అంచు పట్టుకుని లేచి, కుంటుకుంటూనే బయటికి నడిచింది. కానీ చాలాకాలం తరవాత లోపల ఎక్కడో కాస్త హాయిగా ఉంది.

మర్నాడు బడిలో మధ్యాహ్నం భోజనాల వేళ కిష్టమ్మ ఆవిడ పక్కన చతికిలబడింది. గోపన్‌పల్లి మనిషి, పిల్లలకి వంట చేసేది ఆమే.

"ఏంది టీచరమ్మా, మొఖం గిట్ల గుంజుకపోయింది? తినుడు బందువెట్టినవా?"

పుణ్యవతి జరిగింది చెప్పింది. కిష్టమ్మ గంటె గిన్నెకి కొట్టి, "వాడు చెయ్యకుంటె దునియల డాక్టర్లే లేరా? మా వదినెకు లింగంపల్లిల ఒక డాక్టరమ్మ చేసింది. మా వదినె నీకంటె జర ఎక్కువనే ఉంటది. ఇప్పుడు కూరగాయలకు తనే పోతది. ఫికర్ చెయ్యకు, పోయి చూపెట్టు" అంది.

ఆ డాక్టరమ్మ పేరు రసజ్ఞ. చిన్న ఆసుపత్రి, స్టేషన్‌కి దగ్గర్లోనే, గదిలో కూర్చుంటే రైలు కూత వినిపిస్తుంది. రసజ్ఞ ముందుగా చేసిన పని, స్టూలు లాక్కుని పుణ్యవతి ఎదురుగా కూర్చుని, ఆ కాలు తన ఒళ్ళో పెట్టుకోవడం. మెల్లిగా వంచింది, చాపింది, ఎక్కడ నొక్కితే నొప్పో అడిగింది. పుణ్యవతి ఆ చేతుల వైపే చూస్తూ కూర్చుంది. ఎవరో తన కాలిని కాలుగా చూసి ఎంతకాలమైందో.

"ఎలా భరిస్తున్నారమ్మా దీన్ని?" అంది రసజ్ఞ. "చెయ్యొచ్చు. కానీ ముందు అన్నీ చెబుతాను, వినండి. లావుగా ఉన్నవాళ్ళకి గాయం మానడం ఆలస్యం. ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం ఎక్కువ. రక్తం గడ్డకట్టడం, మత్తు ఇచ్చేటప్పుడు ఇబ్బందులు ఉంటాయి. పెట్టిన కీలు త్వరగా వదులై మళ్ళీ చెయ్యాల్సి రావచ్చు. ఇదేదీ దాచను."

"ఎక్కువ అంటే? ఎంత మీద ఎంత ఎక్కువ?" లెక్కల టీచరు ఊరుకుంటుందా.

రసజ్ఞ నవ్వింది. "ఇన్ఫెక్షన్ సంగతైతే, సుమారుగా చెబుతాను. మామూలువాళ్ళలో నూటికి ఒకరికి వస్తే మీలాంటివాళ్ళలో ఇద్దరు ముగ్గురికి రావచ్చు."

"మరి నొప్పి తగ్గడం?"

"అది సన్నగా ఉన్నవాళ్ళకి తగ్గినట్టే మీకూ చాలావరకు తగ్గుతుంది."

పుణ్యవతి వేళ్ళ మీద లెక్క వేసుకుంది. "అంటే ఆ పెద్దాసుపత్రిలో ఆ ముగ్గురిని చూపించి మిగతా తొంభై ఏడుగురిని ఇంటికి పంపించేస్తున్నారన్నమాట" అంది. తరవాత కాలు కిందికి దించుకుని, "ఆ ముగ్గురిలో నేనుంటే నన్ను నేనే తిట్టుకుంటాను, మిమ్మల్ని కాదు. చెయ్యండి" అంది.

రసజ్ఞ వెంటనే చెయ్యలేదు. రక్తపరీక్షలు చేయించి, షుగరు బాగానే ఉందిగానీ ఒంట్లో ప్రొటీన్ తక్కువైందని తేల్చింది. ముందు ఆ ఉపవాసాలు ఆపి గుడ్డూ పప్పూ పెరుగూ కడుపునిండా తినమంది. పుణ్యవతి నెలరోజులు తింది. అపార్టుమెంటు వాళ్ళు మళ్ళీ మొహాలు చూసుకున్నారు. చూసుకోనీ అనుకుంది. ప్రొటీన్ సరిపడా పెరిగాక, దసరా వెళ్ళిన వారానికి ఆపరేషన్ జరిగింది. మర్నాడే వాకర్ పట్టించి నడిపించారు. కొత్త కీలు నొప్పి పుట్టించింది గానీ అది కోతనొప్పి. లోపల ఇసుక లేదు. పుణ్యవతి ఆ తేడా పట్టేసి మంచం మీద పడుకుని తనలో తాను నవ్వుకుంది.

అసలు కథ ఇంటికొచ్చాక మొదలైంది. తణుకు నుంచి రామబ్రహ్మం అక్కగారు భ్రమరాంబ దిగింది. మరదలికి ఆపరేషన్ అనగానే తన ఇల్లూ వాకిలీ వదిలేసి, రెండు సంచులతో వచ్చి వంటింటి తాళాలు చేతిలోకి తీసుకుంది. ప్రేమకి కొదవలేని మనిషి. ఆ సంచుల్లో ఒకదాని నిండా పాత చింతకాయ పచ్చడి, కరివేపాకు కారం, వాము, శొంఠి. పథ్యం సరంజామా మొత్తం.

"పప్పు ముట్టుకోకూడదు. పుండు మీద పప్పు తింటే చీము పడుతుంది" అని మొదటిరోజే ప్రకటించింది. "గుడ్డూ అంతే. పెరుగు జలుబు. ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఆ ప్రొటీన్ పొడి డబ్బా వేడి చేస్తుంది, పైన పెట్టేశాను. కుట్లు విప్పేదాకా కారప్పొడీ చారన్నమూ. మా అమ్మ నాకు అలాగే చేసింది."

ఆసుపత్రి వాళ్ళు ప్రొటీన్ బాగా ఇవ్వమన్నారని సంయుక్త ఒకసారి గొణిగింది. "డాక్టర్లు చెబుతారమ్మా, కుట్లు చీము పడితే వాళ్ళొచ్చి తుడుస్తారా" అంది మేనత్త. సంయుక్తకి ఆఫీసు కాల్ వచ్చింది, వెళ్ళిపోయింది. రామబ్రహ్మానికి అక్కయ్య మాటంటే వేదం.

మరి పుణ్యవతి? అద్దాల మేడలో పెద్ద డాక్టర్ని నిలదీసిన మనిషి, నూటికి ముగ్గురి లెక్క తేల్చిన మనిషి, ఈ పప్పు దగ్గర మాత్రం నోరెత్తలేదు. సంయుక్త పుట్టినప్పుడు తన కన్నతల్లీ ఇలాగే పెట్టింది. పప్పుకీ చీముకీ ముడి ఎవరు వేశారో ఎప్పుడు వేశారో గానీ, చిన్నప్పుడే మనసులో పడిన భయం లెక్కలకి లొంగదు. కొద్దిరోజులే కదా అనుకుంది. పరామర్శకి వచ్చిన కిష్టమ్మ సైతం, "అవ్ టీచరమ్మా, పప్పు తింటె చీమువడ్తది, కుట్లు ఎండినంక తిను" అని భ్రమరాంబతో వంత పాడింది. రెండు రాష్ట్రాలూ దేంట్లోనూ ఒక్కమాట మీదికి రాకపోయినా పథ్యం దగ్గర చేతులు కలుపుతాయి.

కుట్లు విప్పాల్సిన రోజులు దగ్గరపడ్డాయి. ఒక పొద్దున కట్టు తడిగా ఉంది. మర్నాడూ తడే. కోత కింది కొస దగ్గర చర్మం అతుక్కోకుండా నోరు తెరుచుకుని, పల్చటి నీరు కారుతోంది. రామబ్రహ్మం కళ్ళజోడు సర్దుకుని చూశాడు. చివరికి ఆ మాట అననే అన్నాడు.

"ఆ పెద్ద డాక్టరు ముందే చెప్పాడు. ఒంటి బరువుతో ఇది మానదని. వినకపోతివి. చూడు, ఆ ముగ్గురిలో నువ్వూ ఒకదానివయ్యావు."

పుణ్యవతికి భయం వేసింది. ఇన్నాళ్ళలో మొదటిసారి నిజమైన భయం. కాలు పోతుందేమో. పై గది ఇక లేదేమో. అంతమంది సలహాలూ నిజమైపోయి, రేపు లిఫ్టులో అందరూ తలలూపుతారేమో. అయినా ఆ భయం నడుమే మొగుడి వైపు తిరిగి, "అయితే అయ్యాను. ఆ లెక్క తెలిసే వెళ్ళాను, ఎవరూ మోసం చెయ్యలేదు నన్ను. ఇప్పుడు దెప్పుతారా, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారా?" అంది.

రసజ్ఞ కట్టు విప్పి, గాయం చుట్టూ నొక్కి చూసి, ఊపిరి వదిలింది. "ఇంకా లోపలికి పోలేదు. పైన చర్మమే అతుక్కోవట్లేదు" అంది. రక్తం తీయించింది. ఆ ఫలితం చూసి నుదురు చిట్లించి అడిగింది. "ఏం తింటున్నారమ్మా?"

భ్రమరాంబ ముందుకొచ్చింది. తన పథ్యం వివరమంతా గర్వంగా చెప్పింది. చింతకాయ పచ్చడి ఎన్నేళ్ళ పాతదో కూడా వదల్లేదు. రసజ్ఞ ఆవిడని ఒక్కమాటా అనలేదు. విని, పుణ్యవతి పక్కన కూర్చుంది.

"మీ బరువుకి ఇందులో వాటా లేదని నేను చెప్పను. ఉంది, ముందే చెప్పాను. కానీ చర్మం అతుక్కోవాలంటే ఒంట్లో సరుకుండాలి కదా. మీకు ఆ సరుకు అందలేదు. లావుగా ఉన్నవాళ్ళు పస్తులుంటే ఎవరికీ కనపడదమ్మా, అదే చిక్కు. పప్పూ గుడ్డూ తినండి, రోజూ కట్టు మారుద్దాం. వారం చూస్తాను. అప్పటికీ మూసుకోకపోతే మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి కడగాలి. అక్కడిదాకా వెళ్తే పెట్టిన కీలుకే ప్రమాదం."

"పప్పు తింటే చీము..." అని భ్రమరాంబ మొదలుపెట్టబోయింది.

"పడదండి" అంది రసజ్ఞ, మెత్తగానే.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నమైంది. సోఫాలో కూర్చున్న పుణ్యవతికి ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, రెండూ కలిసే వచ్చాయి. ఎక్కువ కోపం తన మీదే. తిండి మానెయ్యమన్నప్పుడు మానేసింది, చారన్నమే తినమన్నప్పుడు తినేసింది. లావు తగ్గించడానికి ఒకళ్ళు కడుపు మాడ్చారు, గాయం మాన్పడానికి ఇంకొకళ్ళు మాడ్చారు. ఇద్దరికీ మంచి మనసే. మధ్యలో తన కంచం ఎక్కడుందో తను కూడా చూసుకోలేదు.

"వదినా, పప్పు వండు" అంది.

భ్రమరాంబ గుమ్మంలో నిలబడిపోయింది. "నా చేత్తో నేను పెట్టలేనమ్మా. రేపు ఏమైనా అయితే తమ్ముడి మొహం ఎలా చూడను? ఆ పిల్ల డాక్టరుకి ఏం తెలుసు, ఎన్ని కాన్పులు చూసింది?"

"ఒక్క వారం ఆగి చూద్దామోయ్" అన్నాడు రామబ్రహ్మం.

"ఆ వారమేనండీ నా దగ్గరున్నది" అంది పుణ్యవతి.

వాకర్ దగ్గరికి లాక్కుంది. సంయుక్త ల్యాప్‌టాప్ పక్కన పడేసి పరుగెత్తుకొచ్చి చెయ్యి అందించింది. "వద్దు" అంది పుణ్యవతి. రెండు చేతులూ బిగించి, పళ్ళు కరుచుకుని, తనంతట తాను లేచింది. అప్పటిదాకా ఎవరో ఒకరు వెనకనుంచి ఎత్తకుండా ఆ సోఫాలోంచి లేవలేదు ఆవిడ. మోకాలి కింద కోత చురుక్కుమంది, కాలు మాత్రం నిలబడింది. హాలు దాటి వంటింటి దాకా నడిచింది. మాసిన గోడ పక్కనుంచే వెళ్ళింది, చెయ్యి ఆనించలేదు.

వంటింట్లో అందరూ ఆవిడ వెనకే గుమిగూడారు. కందిపప్పు డబ్బా పై అరలో ఉంది. పుణ్యవతి ఒక చేత్తో గట్టు పట్టుకుని రెండో చేత్తో డబ్బా దించింది. కుక్కర్లో పోసింది, కడిగింది, పసుపు వేసింది. స్టవ్ వెలిగించింది. "చెప్పండి, ఇంకా ఎవరికైనా నా ఒంటి గురించి సలహాలున్నాయా? పప్పు ఉడికేలోపు చెప్పేస్తే వినేస్తాను" అంది, వెనక్కి తిరగకుండానే.

కుక్కర్ కూసింది.

రామబ్రహ్మం హాల్లోకి వెళ్ళి ఒక కుర్చీ మోసుకొచ్చి ఆవిడ వెనక వేశాడు. పుణ్యవతి కూర్చుంది. వేడి అన్నంలో ముద్దపప్పు కలిపి, ఉప్పు వేసి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. రోజుల తరబడి ఎదురుచూసిన రుచి అది. కళ్ళు మూసుకుంది. కళ్ళు తెరిచేసరికి పక్కన భ్రమరాంబ నిలబడి ఉంది, చేతిలో నేతిగిన్నె, మొహం కందగడ్డలా చేసుకుని.

"నెయ్యి వద్దు వదినా, బరువు" అంది పుణ్యవతి.

"ఎలాగూ తింటున్నావుగా, ఎండుముద్ద గొంతుకి అడ్డం పడుతుంది. ఒక్క చుక్క" అని, చెంచాడు వేసేసింది. వేసి, కొంగుతో కళ్ళొత్తుకుంది. "మా అమ్మ చెప్పింది అబద్ధమంటావా?"

"అబద్ధం కాదు వదినా. భయం. భయపడే చెప్పింది" అంది పుణ్యవతి.

మర్నాటి నుంచి భ్రమరాంబ తనే పప్పు వండింది, పెదవి బిగించుకునే వండింది. గుడ్డు మాత్రం ఉడకబెట్టడం సంయుక్త పని. పైన పెట్టిన ప్రొటీన్ పొడి డబ్బా కిందికి దిగింది. రోజూ కట్టు మార్చేటప్పుడు ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టేవాళ్ళు. మూడు నాలుగు రోజులు తడి అలాగే ఉంది. పుణ్యవతి రాత్రులు పడుకోలేదు, కానీ కంచం మాత్రం వదల్లేదు. తరవాత ఒకరోజు తడి తగ్గింది. వారం తిరిగేసరికి గాజుగుడ్డ పొడిగా వచ్చింది. రసజ్ఞ గాయాన్ని వేలితో తడిమి, "మూసుకుంటోందమ్మా" అన్నప్పుడు భ్రమరాంబ దేవుడి పటం లేని గోడకి దణ్ణం పెట్టింది. అతుక్కోవడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. మచ్చ కింది కొసన వెడల్పుగా, వికారంగా మిగిలిపోయింది. ఉండనీ అంది పుణ్యవతి.

బరువు? ఏమీ పెద్దగా తగ్గలేదు. ఎవరైనా అడిగితే అదే చెప్పేది. నడక పెరిగాక మెల్లిగా తగ్గించుకుందామని రసజ్ఞా తనూ అనుకున్నారు. అది వాళ్ళిద్దరి మధ్య మాట, లిఫ్టుకి సంబంధం లేదు.

జనవరి చివర్లో బడికి వెళ్ళింది. హెడ్మాస్టరుగారు ఎదురొచ్చి, "కిందే ఉండండి మేడం, ఎందుకు రిస్కు" అన్నారు. "రిస్కు అయిపోయిందండీ, ఇక లెక్కలు మిగిలాయి" అని పుణ్యవతి మెట్ల వైపు తిరిగింది. ఎడమకాలు ముందు, కుడికాలు వెనక, ఫిజియోథెరపీలో నేర్పినట్టు, తొందర లేకుండా ఎక్కింది. కింద వంటగది గుమ్మంలో కిష్టమ్మ గంటె పట్టుకుని చూస్తూ నిలబడింది. పప్పు మరిగి పొంగిపోతున్నా చూసుకోలేదు. మెట్ల సగంలో, జూన్‌లో తను ఆగిపోయిన చోట, పుణ్యవతి ఒక్క క్షణం ఆగింది. ఆయాసం తీర్చుకోవడానికి కాదు. ఆ చోటు చూసుకోవడానికి.

"మధ్యాన్నం నాకు రెండు గంటెల పప్పు తీసిపెట్టు కిష్టమ్మా" అని కిందికి కేకేసింది.

"గాయం అతికిందా మరి?" అని కిష్టమ్మ.

"అతికింది."

పై గదిలో శ్యామ్ సుద్దముక్క ఆవిడ చేతిలో పెట్టేసి, బరువు దిగినవాడిలా పక్కకి తప్పుకున్నాడు. బోర్డు పక్కన ఎవరో కొత్త కుర్చీ వేసి ఉంచారు, దిండుతో సహా. క్లాసంతా బెంచీలు చప్పుడు చేస్తూ లేచి నిలబడింది. పుణ్యవతి ఆ కుర్చీని చూసింది. కొత్త మోకాలితో దాన్ని మెల్లిగా గోడ వైపుకి జరిపేసింది.

"మీరు కూర్చోండి" అంది పిల్లలతో. "నేను నిలబడే చెబుతాను."